ఉమ్మనీటికి అడ్వాన్స్ కట్టమంటున్నారు

ఈ వారం ఉత్తరం విజయవాడ ఆటోనగర్‌లో లేత్, వెల్డింగ్ షాపు నడుపుకునే ఒకాయనది. ఆరు పేజీలు రాశారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

పెళ్లయిన ఆరేళ్లకు భార్యకు నెల నిలిచింది. ఇప్పుడు 22వ వారం. 20వ వారంలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ తీస్తే, బిడ్డ ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొర అయిన డయాఫ్రమ్‌కు ఎడమవైపు రంధ్రం ఉందని, జీర్ణాశయం, కొంత పేగు ఆ రంధ్రంలోంచి ఛాతీలోకి ఎక్కేశాయని తేలింది. సూర్యారావుపేటలో ఫీటల్ మెడిసిన్, అంటే కడుపులోని బిడ్డల వైద్యం చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టగానే ఈయన భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చారు. తర్వాత ఆ అమ్మాయితో "చిన్న హెర్నియా అంట, పుట్టాక కుట్టేస్తారంట" అని చెప్పి తెనాలి దగ్గర పుట్టింట్లో దింపారు. డాక్టరమ్మ ఉమ్మనీటి పరీక్ష చేయించమన్నారు. సూది బిడ్డకు గుచ్చుకుంటుందని అత్తగారు ఒప్పుకోలేదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే బావమరిది రోజుకో లింకు పంపుతున్నాడు. ఉమ్మనీటిలోని మూలకణాలతో, అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాలతో, కొత్త డయాఫ్రమ్ పెంచవచ్చట, ఎలుకల్లో ఊపిరితిత్తులు కూడా పెరిగాయట. వేరే రాష్ట్రంలోని ఒక సెంటర్ వాళ్లతో మాట్లాడాడు కూడా. ఉమ్మనీరు తీసి దాచి, కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం కూడా దాచి, బిడ్డ పుట్టాక కణాలు ఎక్కిస్తామని వాళ్లు అన్నారు. మొత్తం 4 లక్షల 80 వేలు, అడ్వాన్స్ లక్షన్నర, అదీ నెలాఖరులోపు కడితేనే ఈ రేటు. మామగారు అర ఎకరం బేరం పెట్టారు. ఈయన లేత్ మెషిన్ తాకట్టు పెడదామనుకుంటున్నారు. ఈలోగా, ఎలుకల్లో ఈ జబ్బు కలుపుమందు వల్ల తెప్పిస్తారని బావమరిది లింకులోనే ఉందని తెలిసి, ఈయన తల్లి "మీ అత్తవారి పొలంలో కొట్టే మందే మనవడి ప్రాణం మీదికి తెచ్చింది" అనడంతో రెండు కుటుంబాలకూ మాటలు లేవు. "రంధ్రం పడితే ప్యాచ్ వేస్తాం. సొంత కణాలతో చేసిన ప్యాచ్ ఇంకా గట్టిది కదా మేడం. కట్టమంటారా, వద్దంటారా? మా ఆవిడకు ఎప్పుడు చెప్పాలి?" ఇదీ ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరం చూసిన సాయంత్రమే మీకు రెండు లైన్లు మెయిల్ పెట్టాను, అడ్వాన్స్ సంగతి నాలుగు రోజులు ఆపమని. మిగతాది తీరిగ్గా రాయాల్సిన విషయం.

మీ ఉత్తరంతోపాటు స్కాన్ కాగితాల ఫొటోలు పంపారు. ముందు వాటి గురించే మాట్లాడాలి. ఆరు పేజీల్లో మీరు మూలకణాల గురించి మూడు పేజీలు రాశారు గానీ, రెండో కాగితంలో డాక్టరమ్మ చేత్తో గుండ్రంగా చుట్టిన అంకె గురించి ఒక్క మాటా రాయలేదు. "ఓ/ఈ ఎల్‌హెచ్‌ఆర్ 38 శాతం, లివర్ కిందే ఉంది" అని ఉంది. దాని అర్థం మీకు చెప్పే ఉంటారు, మీరు టెన్షన్‌లో విని ఉండరు. అలాంటి గదిలో ఎవరికీ సగం మాటలు చెవికెక్కవు. తలుపు అవతల మీ ఆవిడ ఏడుస్తుందేమో అన్న ఆలోచన మీకు ఇంకో పక్క.

బిడ్డ ఊపిరితిత్తి ఎంత ఉందో కొలిచి, తల చుట్టుకొలతతో పోల్చి, అదే వారంలో మామూలు బిడ్డకు ఎంత ఉండాలో అందులో ఎన్నో వంతు ఉందో చెప్పే లెక్క అది. 25 కంటే తక్కువైతే చాలా కష్టమైన కేసుగా చూస్తారు. 25 నుంచి 35 లోపు మధ్యరకం. 35 నుంచి 45 లోపు ఉండి లివర్ కూడా ఛాతీలోకి ఎక్కితే అదీ మధ్యరకమే. మీ బిడ్డది 38, పైగా లివర్ పైకి పోలేదు. అంటే ఈ జబ్బులో ఉన్న మెట్లలో మీరు కింది మెట్టు మీద, అంటే కాస్త తేలికైన మెట్టు మీద ఉన్నట్టు. తేలికైన జబ్బు అనడం లేదు. నేను స్కాన్ చూడలేదు, కాగితం మాత్రమే చూశాను. కొలత చేతిని బట్టి కాస్త మారుతుంది, అందుకే వారాలు గడిచేకొద్దీ రెండు మూడుసార్లు తీయించి చూడాలి. కానీ మీరు పొలం అమ్మించే ముందు తెలుసుకోవాల్సిన అంకె ఇదే.

ఇప్పుడు మీ ప్యాచ్ మాట. బండి బాడీకి షీటు అతికే మనిషి కాబట్టి మీకు రంధ్రమే కనబడింది. తప్పు లేదు, చాలాకాలం డాక్టర్లకూ అదే కనబడింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి బిడ్డ పుడితే రాత్రికి రాత్రే ఆపరేషన్ థియేటర్‌కి పరిగెత్తించేవాళ్లం. రంధ్రం చక్కగా కుట్టేవాళ్లు, అయినా బిడ్డ మూడో రోజుకు చనిపోయేది. ఎందుకో అర్థమయ్యేది కాదు. అసలు కష్టం రంధ్రంలో లేదని తర్వాత తెలిసింది. పదో వారంలోపు మూసుకోవాల్సిన పొర మూసుకోలేదు. పేగులు పైకెక్కి, ఊపిరితిత్తులు పెరగాల్సిన చోటు ఆక్రమించాయి. ఎడమది బాగా చిన్నదైపోతుంది, కుడిదీ పూర్తిగా పెరగదు. రెండింట్లోని రక్తనాళాల గోడలు మందంగా తయారై బిగుసుకుంటాయి. బిడ్డ పుట్టి ఊపిరి తీసుకోవాల్సిన క్షణంలో గుండె ఎంత నెట్టినా రక్తం ఊపిరితిత్తుల్లోకి సరిగ్గా వెళ్లదు. మీ భాషలో చెప్పాలంటే రంధ్రం బాడీది, కష్టం ఇంజనుది.

అందుకే 1980ల చివరి నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు ముందు బిడ్డను నిలబెడతారు. వెంటిలేటర్‌తో బలంగా గాలి కొట్టి ఆ లేత ఊపిరితిత్తులను చింపకుండా మెల్లగా నడిపిస్తారు, కార్బన్ డయాక్సైడ్ కొంచెం ఎక్కువున్నా ఓర్చుకుంటారు. గుండె మీద ఒత్తిడి తగ్గాక, రెండో రోజో, ఐదో రోజో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో కుడతారు. ఈ మార్పు తెచ్చిన మేలు ఏ కొత్త పరికరమూ తేలేదని నా అభిప్రాయం.

ఇక మీ బావమరిది పంపిన లింకులు. అతన్ని కోప్పడకండి. అతను చదివింది అబద్ధం కాదు.

అమెరికాలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డారియో ఫౌజా అనే సర్జన్ బృందం ఉమ్మనీటి కణాలను తీసి, పెంచి, ఒక సన్నని తొడుగు మీద పరిచి గొర్రెపిల్లల డయాఫ్రమ్‌కు అతికింది. ఇది 2000ల మొదట్లో మాట. ఆలోచన ఎంత అందంగా ఉందో చూడండి. జబ్బు 20వ వారంలో తెలుస్తుంది, కాన్పుకు ఇంకా నాలుగు నెలలు ఉంటుంది. ఆ లోపు బిడ్డ సొంత కణాలతో ప్యాచ్ తయారై కూర్చుంటుంది. గొర్రెపిల్లల్లో అది కణాలు లేని ప్యాచ్ కంటే బాగా నిలిచింది. ఆ అవసరం ఎందుకొచ్చిందో మీకు వెంటనే తెలుస్తుంది: రంధ్రం పెద్దదైతే ఇప్పుడు వాడేది గోర్‌టెక్స్ లాంటి కృత్రిమ ప్యాచ్. మీరు అతికిన లారీ పెరగదు. బిడ్డ పెరుగుతుంది, ప్యాచ్ పెరగదు. అందుకని కొందరిలో అంచుల దగ్గర ఊడి హెర్నియా మళ్లీ వస్తుంది, మళ్లీ ఆపరేషన్ పడుతుంది. పెరిగే ప్యాచ్ కోసం లండన్‌లో పావొలో డి కాప్పి బృందం ఇంకో దారిలో, కండరంలోని కణాలన్నీ కడిగేసి మిగిలిన అల్లికను మూసగా వాడుకునే దారిలో పని చేస్తోంది. అదీ జంతువుల్లోనే.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. టొరంటోలో ఆగస్టో జాని బృందం ఉమ్మనీటి మూలకణాలు వదిలే అతి చిన్న బుడగల్లాంటి సంచులను తీసి వాడింది. కణాలు కావవి, కణాలు ఒకదానికొకటి పంపుకునే పొట్లాల్లాంటివి. వాటిని ఎలుక పిండాల ఊపిరితిత్తులకు ఇస్తే ఆగిపోయిన కొమ్మలు మళ్లీ చిగురించాయని 2021లో ప్రచురించారు. 2024లో లండన్ బృందం గర్భిణుల ఉమ్మనీటిలోంచి తీసిన కణాలతో ప్రయోగశాలలో బిడ్డ ఊపిరితిత్తి తునకల లాంటివి పెంచింది, అందులో ఈ హెర్నియా ఉన్న బిడ్డలవీ ఉన్నాయి. ఏ బిడ్డ ఊపిరితిత్తి ఎంత దెబ్బతిందో పుట్టకముందే చూడటానికి అది రేపు పనికొస్తుంది. బిడ్డలోకి తిరిగి ఎక్కించడానికి కాదు.

బావమరిదికి కనబడనిది ఇదే. గొర్రెపిల్లల్లో ప్యాచ్ నిలిచి ఇరవై ఏళ్లు దాటింది. ఈ రోజుకీ అది ఏ దేశంలోనూ మామూలు చికిత్స కాలేదు. ఎలుకకు గర్భం 22 రోజులు. మీ ఆవిడకు 22 వారాలు గడిచాయి, ఇంకా పదిహేడు వారాలు ఉంది. ఎలుక పిండం నుంచి మనిషి బిడ్డ దాకా వచ్చే దారిలో మందు ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి, ఇంకేదైనా అవయవాన్ని చెడగొడుతుందా అన్న ప్రశ్నలన్నీ దాటాలి. ఆ పరిశోధన చేసే వాళ్లెవరూ మీకు ఫోన్ చేసి నెలాఖరు డిస్కౌంట్ ఇవ్వలేదు, గమనించారా? పరిశోధన వాళ్లది, రసీదు పుస్తకం వీళ్లది.

మన దేశం నిబంధన కూడా చెబుతాను, బావమరిదికి ఇది చూపించండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మూలకణాల మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు చేసే మార్పిడిని మినహాయిస్తే, ఏ జబ్బుకైనా అనుమతి తీసుకుని మనుషుల మీద పరీక్షించి చూసే క్లినికల్ ట్రయల్‌లో తప్ప మూలకణాలు ఇవ్వకూడదు. డబ్బు తీసుకుని దాచడానికి బొడ్డుతాడు రక్తానికి ఒక్కదానికే వీలుంది. ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు ముక్క, పాలపళ్లు, ఇవేవీ వ్యాపారంగా దాచకూడదు. మీ దగ్గర లక్షన్నర అడుగుతున్నది ఆ కూడని పనికే. బొడ్డుతాడు రక్తం చట్టప్రకారం దాచుకోవచ్చు గానీ, అందులో ఉండేవి రక్తం తయారుచేసే కణాలు, డయాఫ్రమ్ తయారుచేసేవి కావు. ఈ జబ్బులో దాంతో పని లేదు.

"అది ట్రయలే" అని వాళ్లు అనవచ్చు. అంటే మంచిదే. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌కూ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబర్ ఉండాలి. ఎవరైనా ఫోన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. నంబర్ అడగండి, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడగండి. నికార్సైన ట్రయల్ అయితే ప్రయోగ చికిత్సకు మీ దగ్గర పైసా తీసుకోరు, దానివల్ల బిడ్డకు హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్ల బాధ్యత. నంబర్ అడిగాక వాళ్ల గొంతు ఎలా మారుతుందో స్పీకర్ పెట్టి బావమరిదికి వినిపించండి. మీరు కాదనడం కంటే అతనే వినడం మంచిది. చెల్లెలి కోసం తాపత్రయపడుతున్న మనిషి, రేపు ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) బయట మీ పక్కన నిలబడాల్సిన మనిషి కూడా.

ఉమ్మనీటి విషయంలో మీ ఇంట్లో జరిగిన తమాషా ఒకటి చెప్పక తప్పదు. పరీక్షకు సూది వేస్తామంటే వద్దన్నారు. దాచడానికి అదే సూది వేస్తామంటే పొలం బేరం పెట్టారు. సూది అదే, నీరూ అదే. అత్తగారి భయం నాకు తెలుసు. కానీ స్కాన్‌లో చూస్తూ అలవాటున్న చేతితో తీస్తే, దానివల్ల గర్భం పోయే ప్రమాదం రెండు వందల్లో ఒకటి కంటే తక్కువ. దానికి ప్రతిగా తెలిసేది చాలా ఉంది. ఈ హెర్నియా కొందరు పిల్లల్లో ఒంటరిగా వస్తుంది, కొందరిలో క్రోమోజోముల లోపంతోనో గుండె లోపంతోనో కలిసి వస్తుంది. ఒంటరిగా ఉంటే నేను పైన చెప్పిన 38కి పూర్తి విలువ ఉంది. ఇంకో లోపం కలిసి ఉంటే ఆ అంకె ఒక్కటే చూసుకుని ధైర్యం చెప్పుకోలేం. బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో స్కాన్ కూడా అందుకే. మొదటి ఫలితం కొద్ది రోజుల్లో వస్తుంది, క్రోమోజోముల్లో చిన్న లోపాలనూ వెతికే వివరమైన పరీక్ష మైక్రోఅర్రేకి రెండు మూడు వారాలు పడుతుంది. చేయించకపోవడం కూడా ఒక దారే, చాలామంది అలాగే కాన్పు దాకా వెళ్తారు. అప్పుడు పుట్టాక ఏదైనా తెలిస్తే దానికి సిద్ధంగా ఉండరు, అంతే తేడా. కానీ ఈ సూది వద్దనో కావాలనో చెప్పాల్సింది మీ అత్తగారూ మీరూ కాదు కదా.

ఇక్కడికే రావాలని చూస్తున్నాను.

మీ అత్తగారికి తెలుసు, మామగారికి తెలుసు, బావమరిదికి తెలుసు, మీ అమ్మకు తెలుసు, బేరానికి వచ్చిన పొలం బ్రోకర్‌కీ ఎంతో కొంత తెలిసే ఉంటుంది. ఇప్పుడు నాకూ తెలుసు. కడుపులో మోస్తున్న మనిషికి ఒక్కదానికే తెలియదు. మీరు ఆవిడ మేలు కోరే దాచారు, అందులో నాకు అనుమానం లేదు. ఆరేళ్ల తర్వాత వచ్చిన కడుపు, "టెన్షన్ పడితే బిడ్డకు మంచిది కాదు" అని ఎవరో అని ఉంటారు. కానీ మీరు దాచింది ఒక వార్తను మాత్రమే కాదు, గడువు ఉన్న ఒక హక్కును కూడా. 2021లో సవరించిన చట్టం ప్రకారం, ఇలాంటి లోపం ఉన్నప్పుడు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకునే వీలుంది. తీవ్రమైన లోపమైతే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు అనుమతితో వీలుంది, కానీ దారి పొడవు. దానికి కావాల్సింది ఆ స్త్రీ సమ్మతి ఒక్కటే, భర్తదీ అత్తమామలదీ కాదు. మీ అంకెలు చూస్తే అటువైపు వెళ్లమని నేను అనను, ఉంచుకోమనీ అనను. బహుశా ఆవిడ ఆ మాటే తలపెట్టదు. తలపెట్టకపోవడం వేరు, అలాంటి దారి ఉందని తెలియకుండానే వారం దాటిపోవడం వేరు. రేపు ఏం జరిగినా, బిడ్డ ఇంటికొచ్చినా రాకపోయినా, "నాకెందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న మీ ఇంట్లో చాలా ఏళ్లు ఉంటుంది. నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో డాక్టర్లను తిట్టిన తల్లుల కంటే భర్తతో మాట్లాడటం మానేసిన తల్లులనే ఎక్కువ చూశాను.

మీరే చెప్పవచ్చు. లేదా ఇద్దరూ కలిసి అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఈసారి ఇద్దరూ లోపలే కూర్చుని ఆవిడ చేతే చెప్పించవచ్చు. మీకు మాటలు తడబడతాయనిపిస్తే రెండోదే మేలు. ఒక్కటి మాత్రం, అక్కడికి వెళ్లేదాకా ఏమీ తెలియకుండా తీసుకెళ్లకండి. తెనాలి నుంచి వచ్చే దారిలోనైనా "నేను నీకు సగమే చెప్పాను, మిగతాది ఇద్దరం కలిసి విందాం" అని అనండి. ఏడుస్తుంది. కోప్పడుతుంది కూడా, పడనివ్వండి.

కలుపుమందు గొడవ త్వరగా తేల్చేస్తాను. ఎలుకల్లో ఈ లోపం తెప్పించడానికి వాడేది నైట్రోఫెన్. గర్భంతో ఉన్న ఎలుకకు తొమ్మిదో రోజు ప్రాంతంలో ఒక్క పెద్ద మోతాదు తాగిస్తారు. అది మన దేశంలో నిషేధించిన మందుల జాబితాలో ఉంది. మీ మామగారి పొలంలో కొట్టేది అది కాదు, మీ ఆవిడ దాన్ని తాగనూ లేదు. చాలామంది పిల్లల్లో ఈ లోపానికి కారణం దొరకదు. దాదాపు మూడు వేల కాన్పుల్లో ఒకటి ఇలా ఉంటుంది, పొలం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ. మీ వెల్డింగ్ పొగ వల్లనా అని ఉత్తరం చివర చిన్నగా రాసి కొట్టేశారు. కొట్టేసినా కనబడింది. దాన్నీ మనసులోంచి తీసేయండి. మీ అమ్మకు ఈ పేరా చదివి వినిపించండి. వియ్యంకుల మధ్య మాటలు మళ్లీ కలపడం నా చేతిలో పని కాదు.

ఇంకో లింకులో బెలూన్ వైద్యం గురించి ఉందన్నారు. బిడ్డ కడుపులో ఉండగానే శ్వాసనాళంలో చిన్న బెలూన్ పెట్టి, ఊపిరితిత్తుల్లోని నీరు బయటికి పోకుండా ఆపి వాటిని పెరిగేలా చేయడం అది. బెల్జియంలోని లూవెన్‌లో యాన్ డెప్రెస్ట్ నడిపించిన ట్రయళ్ల ఫలితాలు 2021లో వచ్చాయి. చాలా తీవ్రమైన కేసుల్లో బెలూన్ పెట్టిన పిల్లల్లో వందకు 40 మంది, పెట్టనివాళ్లలో 15 మంది బతికి ఇంటికెళ్లారు. పెద్ద తేడా. మధ్యరకం కేసుల్లో 63, 50. అది కచ్చితమైన మేలు అని చెప్పడానికి చాలలేదు, పైగా బెలూన్ పెట్టినవాళ్లలో నెలలు నిండని కాన్పులు బాగా పెరిగాయి. మీ బిడ్డ కొలతలు ఆ మధ్యరకం ట్రయల్‌లోకి కూడా రావు, అంతకంటే తేలిక. కాబట్టి ఇప్పటికైతే ఇది మీకు అక్కర్లేని దారి. తర్వాతి కొలతల్లో అంకె పడిపోతే డాక్టరమ్మే ఆ మాట ఎత్తుతారు.

మరి డబ్బు, శక్తి ఎక్కడ పెట్టాలి? కాన్పు ఎక్కడ అన్నదాని మీద. నన్నడిగితే మీ ఉత్తరంలో ఉండాల్సిన అసలు ప్రశ్న అదే.

ఈ బిడ్డకు మొదటి పది నిమిషాలు చాలా ముఖ్యం. మామూలుగా పుట్టగానే ఏడవని బిడ్డకు మూతి మీద మాస్క్ పెట్టి సంచితో గాలి కొడతారు. ఈ బిడ్డకు అది చేయకూడదు. ఆ గాలి జీర్ణాశయంలోకి, పేగుల్లోకి వెళ్లి, అవి ఛాతీలోనే ఉబ్బి, ఉన్న కాస్త ఊపిరితిత్తినీ నొక్కేస్తాయి. నేర్చుకునే రోజుల్లో, ముందుగా స్కాన్ లేని ఒక కేసులో ఆ తప్పు నేనే చేశాను. పొట్ట లోపలికి పోయి ఛాతీ ఉబ్బడం నా కళ్ల ముందే జరిగింది. తెలిసిన డాక్టరైతే వెంటనే గొంతులోకి ట్యూబ్ వేస్తారు, జీర్ణాశయంలోకి ఇంకో గొట్టం వేసి గాలి లాగేస్తారు. మీకున్న అదృష్టం ఏమిటంటే నాలుగు నెలల ముందే తెలిసింది. ఆ తెలిసినదాన్ని వాడుకోవాలి.

దగ్గరలోనే చేయించుకోవడం ఒక దారి. విజయవాడ, గుంటూరుల్లో పెద్ద ఎన్‌ఐసీయూలు, పీడియాట్రిక్ సర్జన్లు ఉన్నారు, గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ కూడా దూరం కాదు. వెళ్లి మొహమాటం లేకుండా అడగండి. గత రెండు మూడేళ్లలో ఇలాంటి పిల్లలు ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఇంటికెళ్లారు? రాత్రి రెండు గంటలకు పీడియాట్రిక్ సర్జన్ అందుబాటులో ఉంటారా? హై ఫ్రీక్వెన్సీ వెంటిలేటర్, ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ మీ దగ్గరే ఉన్నాయా, ఎక్కడి నుంచైనా తెప్పించాలా? "మేం చూసుకుంటాం అమ్మా" అని భుజం తట్టే చోటు కంటే "మా దగ్గర నలుగురు వచ్చారు, ఇద్దరు నిలిచారు" అని సూటిగా చెప్పే చోటును నేను నమ్ముతాను. ఇక్కడే ఉంటే మీ షాపు నడుస్తుంది, అత్తగారు చేతికందే దూరంలో ఉంటారు, నెలల తరబడి జరిగే ఫాలో అప్ తేలిక.

35, 36 వారాలకే హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి, ఈ కేసులు ఎక్కువ చూసే ఆసుపత్రి దగ్గర గది తీసుకుని ఉండటం రెండో దారి. ఖర్చు, షాపు మూత, పరాయి ఊరు. కానీ ఒక లెక్క వేసుకోండి. బిడ్డ కడుపులో ఉండగా హైదరాబాద్ వెళ్లడానికి రైలు టికెట్ చాలు. అదే బిడ్డ పుట్టాక, వెంటిలేటర్ మీద ఉండగా హైవే మీద ఐదు గంటలు తీసుకెళ్లాలంటే అంబులెన్సులో ప్రతి కుదుపూ ప్రమాదమే. ఆ స్థితి వచ్చాక నిర్ణయించుకునే దారి మాత్రం వద్దు. మధ్యేమార్గం ఒకటుంది. ఇప్పుడే ఒకసారి అక్కడి ఫీటల్ మెడిసిన్ వాళ్లకు చూపించి, 32వ వారం కొలత చూశాక నిర్ణయించడం. అప్పటికి 38 నిలిచి ఉంటే, ఇక్కడ అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులు వచ్చి ఉంటే, ఇక్కడే ఉండిపోవచ్చు.

ఎక్కడైనా సరే, ఈ జబ్బు ఉందన్న ఒక్క కారణానికే సిజేరియన్ అక్కర్లేదు. నెలలు నిండేదాకా, 39వ వారం ప్రాంతం వరకు ఆగడం ఊపిరితిత్తులకు మంచిది. ఎవరైనా "ముహూర్తం బాగుంది, 36లో తీసేద్దాం" అంటే వద్దనండి. ఈ బిడ్డకు కడుపులో ప్రతి వారమూ లెక్కే.

డబ్బు గురించి ఒక్క మాట. రేషన్ కార్డు ఉందన్నారు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వస్తుంది, ఏది చేతినుంచి పడుతుంది అన్నది కాన్పు చేయించాలనుకున్న ఆసుపత్రిలోని హెల్ప్‌డెస్క్‌లో ఇప్పుడే రాయించుకోండి. వెంటిలేటర్ రోజులు ఎన్ని అన్నదే బిల్లును తేలుస్తుంది, ఆపరేషన్ కాదు. అందుకే లేత్ మెషిన్ తాకట్టు పెట్టకండి. కాన్పు తర్వాత నెలరోజులు ఆదాయం లేకపోతే మీకు మిగిలేది ఆ మెషినే. మామగారి పొలం అమ్మాల్సిన అవసరం వస్తే అప్పుడు అమ్మండి, ఇవాళ ఉమ్మనీటి కోసం కాదు.

పుట్టాక బిడ్డ నిలిస్తే, రంధ్రం చిన్నదైతే సొంత కండరంతోనే కుట్టేస్తారు. పెద్దదైతే ప్యాచ్, లేదా పొట్ట గోడ కండరాన్ని మలిచి వేయడం. సొంత కణాల ప్యాచ్ కావాలన్న మీ కోరికకు ఈ రోజు అందుబాటులో ఉన్న దగ్గరి జవాబు ఆ కండరమే. ఏది మంచిదన్నది సర్జన్ లోపల చూశాకే తేలుతుంది. ఆ తర్వాత కూడా పాలు తాగడం, బరువు, వాంతులు, ఊపిరి, వెన్ను, వినికిడి కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి. తొందరపడి ఇంటర్నెట్‌లో వాటన్నిటినీ ఇప్పుడే చదవకండి.

నెలాఖరుకు మీ ఆవిడ 23వ వారంలో ఉంటుంది. డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ దానికి ముందే తీసుకోండి, ఇద్దరి పేరు మీద. ఉమ్మనీటి పరీక్ష, ఎకో, కొలత మళ్లీ తీయడం గురించి అక్కడ అడగాల్సింది మీ ఆవిడను అడగనివ్వండి. ఆ కొత్త అంకె ఎంత వచ్చిందో, కాన్పుకు ఏ ఊరు అనుకుంటున్నారో నాకు రాయండి. ఈసారి ఉత్తరం మీ ఆవిడ రాసినా సరే.